ఇంటిపేర్ల కప్పు

నవాగామ్, సూరత్
మార్చి నెలాఖరు

చిన్న తాతా,

నీ అన్న ఆగయ్య మనవరాలు రుచిత దండాలు పెడుతోంది. ఫోన్ చేస్తే నువ్వు "ఆఁ? ఆఁ?" అని, నీకు తోచిన జవాబేదో చెప్పి పెట్టేస్తున్నావు. పోయినసారి పాణం ఎట్లుందని అడిగితే వడ్లు ఇంకా అమ్మలేదన్నావు. సూరత్ మరమగ్గాల సాంచాల మోతలో చెవులు పోగొట్టుకుని ఊరు చేరినవాడివి, నిన్ను అనడానికి లేదు. అందుకే కాగితం పట్టాను. మున్సిపాలిటీ తెలుగు బడిలో నేర్చుకున్న అక్షరాలు ఇన్నాళ్లకు పనికొచ్చాయి. తప్పులుంటే నవ్వుకో, జవాబు మాత్రం రాయి.

ముందు నా గొప్పలు విను. నేను డ్రిల్ టీచరుగా ఉన్న బడిలో ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టు పెట్టాను కదా. మొదట్లో తల్లులు వచ్చి నిక్కర్లేమిటని నా మీదకు లేచారు. ఇప్పుడు ఆ తల్లులే గీత బయట నిలబడి రెఫరీని తిడుతున్నారు. జట్టు కూడా బాగా ఆడుతోంది. నా శిష్యురాళ్లు, ఎందుకు ఆడరు?

ఆ రెఫరీ సంగతే నీకు చెప్పాలి. పేరు గణపతి. పాండేసరలో డైయింగ్ మిల్లులో రంగులు కలిపే పని, ఆదివారాలు విజిల్ పట్టుకుంటాడు. ఒక ఆటలో మాకు రావలసిన పెనాల్టీ ఇవ్వలేదు. నేను మైదానంలోకి దూసుకెళ్లి హిందీలో, గుజరాతీలో, చివరికి తెలుగులో తిట్టాను. అతను అంతా విని, "మేడం, ఆఖర్ల తిట్టిన తిట్లు మస్తున్నయి, మాదీ గదే భాష" అన్నాడు. ఇంటికొచ్చి ఫోన్లో వీడియో చూస్తే అతను చెప్పిందే న్యాయం. మరుసటి ఆదివారం వెళ్లి ఒప్పుకున్నాను. అక్కడ మొదలైంది. తాతా, నేను అతన్ని పెళ్లి చేసుకుంటాను.

బాపుకు చెప్పాను. ముందు బాగానే విన్నాడు. మనవాళ్లేనని తెలిసి ముఖం వెలిగింది కూడా.

"ఎవరి పిలగాడు?" అన్నాడు.

"గుమ్మడెల్లి తిరుమల కొడుకు. గీ సూరత్‌లనే, ఉన్ బస్తీల ఉంటరు."

బాపు చేతిలోని చాయ్ కింద పెట్టేశాడు. "గుమ్మడెల్లోళ్లా? అరె, మన బుచ్చిరాములు చిన్నాయన మనుమడు గదనే! మన ఇంటిపేరే, మన పాలోడే. నీకు అన్నైతడు. గా మాట ఇంకోపారి నోట్లకెల్లి రానియ్యకు."

ఒకే ఇంటిపేరుంటే అన్నాచెల్లెళ్లేనని నాకూ తెలుసు. కానీ ఆ మనుషులను నేను ఎరగను. చావులకూ, కొత్త జంధ్యాలు వేసుకునే నూలు పున్నమికీ తప్ప వాళ్లు మనింటికి రారు, మనం వాళ్లింటికి పోం. అలాంటప్పుడు ఏ తాత దగ్గర మనమూ వాళ్లూ కలుస్తాం? బాపును అడిగితే "పేరు ఒక్కటైతె సాలదా?" అంటాడు. నూలు పున్నమినాడు భివండి వాళ్లు నన్ను చూడటానికి వస్తారట. ఆ రోజే తాంబూలాలు మార్చుకుంటారట. ఆలోగా గణపతి నాకు అన్న కాడని నేను చూపించాలి.

మన ఇంటిపేరు ఎక్కడి నుంచి వచ్చింది? గుమ్మడెల్లి అంటే ఊరే కదా. ఆ ఊరు విడిచి వచ్చిన వాళ్లందరికీ ఆ పేరు అంటుకుని ఉంటే వాళ్లందరూ ఒకే రక్తం ఎట్లా అవుతారు? నాకు తెలిసిన వాళ్లలో ఇది చెప్పగలవాడివి నువ్వే. నేను పారిపోయి చేసుకునే రకం కాదు. అందరి ముందూ చేసుకుంటాను. కాబట్టి త్వరగా రాయి.

నీ రుచిత


బొప్పారం, సిరిసిల్ల తోవ
ఏప్రిల్ నడుమ

చిరంజీవి రుచితకు,

నర్సింగం తాత దీవెనలు. నీ ఉత్తరం పోస్టుమ్యాన్ చేతిలో చూసి ఏ బ్యాంకు నోటీసో అనుకుని దడుచుకున్నాను. తెలుగు బాగా రాశావు.

గుమ్మడెల్లి మానేరు అవతల ఒక గుట్ట కింద ఉండేదట. మా తాత చూపించాడు. ఇప్పుడు అక్కడ పోచమ్మ గద్దె తప్ప ఏమీ లేదు. కరువులో మగ్గాలు నెత్తిన పెట్టుకుని ముగ్గురు అన్నదమ్ములు ఊరు విడిచారు. ఒకడు మన బొప్పారం వచ్చాడు, ఒకడు నిజామాబాద్ వైపు, ఒకడు షోలాపూర్ వైపు పోయారు. ఆ పేరు మోసేవాళ్లందరూ ఆ ముగ్గురి పిల్లలే. కాబట్టి మీ బాపు చెప్పిందే సరి. ఒక ఇంటిపేరు అంటే ఒక ఇల్లు. ఈ ఆలోచన ఇక్కడితో వదిలెయ్యి.

నువ్వు ఆట గురించి రాస్తే మాత్రం నా కాళ్లు ఊరుకోవడం లేదు. మా బడి రోజుల్లో బంతి ఎక్కడిది? మిల్లుల వెనక పడేసే చీర పీలికలు, చిందీ అనేవాళ్లం, వాటిని ఉండ చుట్టి సుతిలితో కట్టి తన్నేవాళ్లం. వాన పడితే అది నీళ్లు తాగి బండరాయి అయ్యేది. మా తెలుగు బడికి ఒక పారసీ డ్రిల్ సారు వచ్చాడు. ఆయన ఇంటి నుంచి తోలు బంతి తెచ్చి ఇచ్చాడు. దాన్ని తన్నాలంటే భయం వేసింది, పాడైపోతుందేమోనని. కాళ్లకు చెప్పులు లేని మాకు ఆయన నేర్పిన ఆట ఇప్పటి బూట్ల వాళ్లకు రాదు. నువ్వు కోప్పడినా అంతే.

అప్పట్లో నూలు పున్నమి సెలవుకు మగవాళ్లంతా పత్తాలాటకు కూర్చుంటున్నారని కులపెద్దలు ఒక పోటీ పెట్టారు. ఇంటిపేర్ల కప్పు. ఒక్కో ఇంటిపేరుకు ఒక్కో జట్టు. బయటివాళ్లను తెచ్చుకోకూడదు. ఒకరి చావుకు ఒకరు మైల పట్టేవాళ్లయితేనే ఒక జట్టు. మనవాళ్లు ఆటకు కూడా అలాంటి నియమమే పెడతారు మరి! మనల్ని చూసి జనం "గుమ్మడికాయలు వచ్చినయ్" అని అరిచేవాళ్లు. మేం గెలిచిన ఏడు మా అన్న, అంటే మీ తాత, చేతికి మగ్గం నాడె తగిలి కట్టు కట్టుకుని బయట కూర్చున్నాడు. ముందు వరుసలో నేనూ, మా మేనత్త కొడుకూ... కాదు కాదు, వాడిది వేరే ఇంటిపేరు, మా పెదనాన్న కొడుకు రాజేశమూ. ఫైనల్ ఆట గాజెంగి ఇంటిపేరు వాళ్లతో. నేను ఒక గోలు కొట్టాను, ఎడమ కాలితో. ఆట అయిపోవస్తుండగా వాళ్లకు పెనాల్టీ దొరికింది. బంతి ఆగింది. కప్పు మనది. సూరత్‌లో అంత సంతోషంగా నేను మళ్లీ ఎప్పుడూ లేను.

భివండి అబ్బాయిని ఒకసారి చూడు. చూస్తే పోయేదేముంది?

ఇట్లు,
మీ తాత నర్సింగం


నవాగామ్
మే, వడగాలి

చిన్న తాతా,

నీ ఎడమ కాలి గోలుకు జోహార్లు. కానీ "బంతి ఆగింది" అని రాశావు. పెనాల్టీ బంతి దానంతట అదే ఆగుతుందా? నేను ఆ పిల్లలకు ఆట నేర్పి జీతం తీసుకుంటున్నదాన్ని, నా దగ్గరా? గోలు నువ్వు కొట్టావు, ముందు వరుస చెప్పావు, బయట కూర్చున్నవాణ్ణి కూడా చెప్పావు. గోల్‌లో ఎవరు నిలబడ్డారో మాత్రం చెప్పలేదు.

బాపమ్మను అడిగాను. "మీ తాతనే ఎప్పుడు గోల్ల నిలవడేటోడు" అంది. ఆ ఏడు తాత చేతికి కట్టు. మరి ఎవరు?

ఇంకా విను. గణపతితో కలిసి ఉన్ వెళ్లాను, వాళ్ల తాత బుచ్చిరాములును చూడటానికి. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. అరచేతులు ఎంత పెద్దవో! నీ పేరు చెప్పగానే లేచి నిలబడ్డాడు. "నర్సిగాడు మంచిగున్నడా? ఇంకా ఎగురుతున్నడా?" అని నా చేయి పట్టుకున్నాడు. నేను ఇంటిపేర్ల కప్పు అన్నాను. అంతే, చేయి వదిలేశాడు. "గవన్ని ఎన్కటి ముచ్చట్లు బిడ్డా, మంచినీళ్లు తాగుతవా?" అని లోపలికి పోయి, మేం వచ్చేదాకా బయటికి రాలేదు. గణపతికీ ఏమీ అర్థం కాలేదు.

ఇంటికొచ్చి బాపమ్మను ఇంకొకటి అడిగాను. మన చావులకు వాళ్లు, వాళ్ల చావులకు మనం మైల పట్టామా అని. బాపమ్మ దువ్వెన పక్కన పెట్టి ఆలోచించింది.

"మీ తాత వోయినప్పుడు బుచ్చిరాములు గుండు గొట్టిచ్చుకున్నడు. దినాలు అయ్యేదాంక మాతోనే కింద పన్నడు, ఉప్పు లేని కూడు తిన్నడు. ఆయన పెండ్లాం వజ్రమ్మ వోయినప్పుడు మనం పట్టలే బిడ్డా. తానం జేసి దీపం ముట్టిచ్చుకున్నం. మీ చిన్న తాతనే గట్ల జెయ్యమన్నడు. ఎందుకన్నడో నేను అడుగలే."

వాళ్లు మనకు మైల పట్టారు, మనం వాళ్లకు పట్టలేదు. పాలోళ్లయితే ఇది ఎట్లా కుదురుతుంది? అది నాకు చాలా బాధగా కూడా ఉంది, తాతా. ఆ ముసలాయన గుండు చేయించుకుని మన గుమ్మంలో పడుకుంటే, ఆయన ఇల్లాలు పోయినప్పుడు మనం దీపం వెలిగించుకుని అన్నం తిన్నాం.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడట. నేను ఇంటిపేరు అడిగితే నువ్వు ఫుట్‌బాల్ కథ చెప్పావు. ఆ రెంటికీ ఏదో సంబంధం ఉంది. చెప్పు.

రుచిత


బొప్పారం
జూన్

రుచితకు,

చిన్నపిల్లవు, నీకు ఆటలో తెలివి ఉంటే ఉండవచ్చు. పెద్దవాళ్లను కోర్టులో నిలబెట్టినట్టు అడగడం మాత్రం ఎవరూ నేర్పినట్టు లేదు.

ఇది నా గుట్టు కాదు. నా గుట్టయితే మొదటి ఉత్తరంలోనే చెప్పేవాణ్ణి. ఒకరికి మాట ఇచ్చాను. ఆ మాటలో మా అన్న కూడా ఉన్నాడు, ఆయన ఇప్పుడు లేడు. వజ్రమ్మ చావుకు మైల వద్దన్నది నేనే. బతికున్నవాళ్ల దగ్గర ఏ ఆటైనా ఆడవచ్చు, చావు దగ్గర అబద్ధం ఆడకూడదని మా అమ్మ చెప్పేది. ఇంతకన్నా నన్ను అడగకు.

బుచ్చిరాములు దగ్గరకు మళ్లీ పోకు. వాణ్ణి బాధపెడితే నేను ఊరుకోను.

నర్సింగం


నవాగామ్
జూన్, మొదటి వాన పడ్డ రోజు

చిన్న తాతా,

తిట్టావు, పడ్డాను. నేను కోర్టు పెట్టినట్టే అడిగాను, అది నిజం. నాకు తొందర ఉంది.

బుచ్చిరాములు తాతను నేను ఏమీ అడగను. నువ్వు చెప్పావని కాదు, ఆయన ముఖం చూశాక అడగబుద్ధి కాలేదు. గణపతికి కూడా నా అనుమానం చెప్పలేదు. వాళ్ల ఇంటి గుట్టు వాళ్లకంటే ముందు నేను బయటపెట్టడం ఏం బాగుంటుంది?

ఒక పని మాత్రం చేశాను. భివండి వాళ్లకు నేనే ఫోన్ చేసి, నా మనసు ఇంకోచోట ఉంది, మీరు రావద్దు అని చెప్పాను. ఆ అబ్బాయి మంచివాడిలా ఉన్నాడు, "చెప్పినందుకు థాంక్స్" అన్నాడు. బాపు మాత్రం నాతో మాట్లాడటం మానేశాడు. అన్నం పెడితే తింటున్నాడు, నా వైపు చూడటం లేదు. నూలు పున్నమినాడు కులపెద్దల ముందు కూర్చోబెట్టి ఆ పిల్లవాడు నీకు అన్నే అని వాళ్లతోనే చెప్పిస్తానన్నాడట అమ్మతో. వాళ్లు ఒకసారి ఆ మాట అంటే ఇక ఎవరూ తిప్పలేరు. గణపతి ఆదివారాలు మైదానానికి రావడం మానేశాడు.

నాకు బాపు కావాలి, గణపతీ కావాలి. ఒకరిని వదిలి ఒకరిని తెచ్చుకోను. నువ్వు ఇచ్చిన మాట తప్పమని కూడా అడగను. నువ్వు మాట ఇచ్చిన మనిషి బతికే ఉన్నాడు కదా. ఆయనకు రాయి. ఇంత జరుగుతోందని మాత్రం రాయి. తర్వాత ఆయన ఇష్టం.

రుచిత


బొప్పారం
జూలై, తొలి ఏకాదశి తెల్లవారి

బంగారు తల్లి రుచితకు,

నేను బుచ్చిరాములుకు రాయనే లేదు. రాయాలా వద్దా అని కాగితం ముందేసుకుని కూర్చున్న వారంలోనే వాడే వచ్చాడు. బస్సు దిగి, సంచి భుజాన వేసుకుని, నా వాకిట్లో నిలబడ్డాడు. మనవడు అన్నం సరిగ్గా తినడం లేదట, కారణం అడిగి రాబట్టాడట.

నా చెవుల అవసరం రాలేదు. సాంచాల మధ్య పనిచేసినవాళ్లం, పెదవులు చూసీ చేతులు చూసీ మాట్లాడుకోవడం మాకు అప్పుడే అలవాటు. పొద్దంతా అట్లా మాట్లాడుకున్నాం. ఊళ్లోవాళ్లు మా చేతుల తిప్పుడు చూసి ఇద్దరు ముసలోళ్లు కొట్లాడుతున్నారనుకున్నారు. పోయేముందు వాడన్నాడు: "నర్సిగా, పిల్లకు నువ్వే రాయి. నాకు గివన్ని రాసుడు రాదు, చెప్పనీకి నోరు రాదు. కనీ అన్నీ రాయి, ఏం దాయకు." కాబట్టి రాస్తున్నాను.

బుచ్చిరాములు మన బొప్పారం వాడే. కురుమోళ్ల ఇంటి పిల్లవాడు. గొర్లు రోగమొచ్చి పోయాక తండ్రి మా అన్న చేతిలో పెట్టి "ఈన్ని సూరత్ తోల్కపో, ఏదన్న పని నేర్పు" అన్నాడు. మా గదిలోనే పడుకునేవాడు, కండెలు చుట్టేవాడు, నాతోపాటు బడికి వచ్చేవాడు. పారసీ సారు వాడి చేతులు చూసి గోల్‌లో నిలబెట్టాడు. వాణ్ణి దాటి బంతి పోవడం మా బడిలో ఎవరూ పెద్దగా చూడలేదు.

ఆ ఏడు మా అన్న చేతికి దెబ్బ తగిలింది. గోల్‌కు మనిషి లేడు. బుచ్చిరాములు పక్కనే ఉన్నాడు, కానీ ఇంటిపేరు వేరు, కులం వేరు. మైదానంలో ఒక పెద్దమనిషి వాణ్ణి చూపించి అడిగాడు: "ఆగయ్యా, గీడెవడు? మీ పాలోడేనా?" మా అన్న రెప్ప వేయలేదు. "మా చిన్నాయన కొడుకు. ఊరికెల్లి మొన్ననే వచ్చిండు" అన్నాడు. ఆ పెనాల్టీ ఆపింది వాడే, తల్లీ. కుడివైపు పడి, రెండు చేతులతో పట్టాడు.

ఆటతో అయిపోతుందనుకున్నాం. కానీ అది నూలు పున్నమి. గెలిచిన జట్టును గుడికి తీసుకెళ్లి పెద్దలు అందరికీ జంధ్యాలు వేశారు, వాడికీ వేశారు. గదికి వచ్చాక వాడు ఏడుస్తూ తీసెయ్యబోయాడు. మా అన్న ఆపాడు. "ఏసినంక తీసుడేంది? ఉండనియ్యి. ఇయ్యాల్టి సంది నువ్వు మావోడే" అన్నాడు. ఆ పేరుతోనే కార్ఖానాలో మనవాళ్లు పని ఇచ్చారు. ఆ పేరుతోనే బడిలో పిలిచారు. ఆ పేరుతోనే పిల్లనిచ్చారు. వజ్రమ్మకు మాత్రం వాడు పెళ్లికి ముందే చెప్పేశాడు. ఆమె "నాకు పనిజేసే మొగడు గావాలె, పేరుతోని నేనేం జేసుకుంట?" అందట. మన ఊరివాళ్లెవరైనా గుర్తుపడతారని వాడు నవాగామ్ వైపు ఉండకుండా ఉన్‌కు మారాడు. అందుకే మీకు రాకపోకలు లేవు.

ఇప్పుడు నీకు తెలిసింది. గణపతి నీకు అన్న కాడు. కానీ ఈ నిజం చెబితే ఒక గోడ పడిపోయి ఇంకో గోడ లేస్తుంది. ఇప్పుడు పేరు అడ్డం, అప్పుడు కులం అడ్డం. పైగా తిరుమలకూ పిల్లలకూ ఆ కులంలోనే బతుకు, చుట్టరికాలు. వాళ్లను అందరూ ఏమంటారో. బుచ్చిరాములు నాతో ఏం చేస్తానని చెప్పలేదు. నాకేమీ తోచడం లేదు. నువ్వు నాకన్నా ధైర్యవంతురాలివి. ఆలోచించుకో.

ప్రేమతో,
తాత


నవాగామ్
ఆగస్టు, నూలు పున్నమి మర్నాడు

చిన్న తాతా,

నీ ఉత్తరం చదివి మొదట నవ్వాను. గోల్‌కీపర్ కోసం ఇంటిపేరు అరువిచ్చిన ఇల్లు మనది తప్ప ఇంకొకటి ఉండదు. తర్వాత ఆలోచించాను. కులం అడ్డమైతే అడ్డం కానీ అనుకున్నాను. వాళ్లు గొంగళ్లు నేసేవాళ్లు, మనం చీరలు నేసేవాళ్లం, ఇద్దరమూ నేసి బతికినవాళ్లమే. బాపుతో ఈ మాటే అనాలని సిద్ధమయ్యాను. కానీ బుచ్చిరాములు తాత గుట్టు నా నోటితో చెప్పకూడదు కదా. అదే నన్ను ఆపింది. నిన్న గుడికి వెళ్లేటప్పటికి నా దగ్గర చెప్పడానికి ఏమీ లేదు.

మార్కండేయ గుడి హాలు నిండిపోయింది. ఎప్పటిలాగే ఒక్కో ఇంటిపేరు పిలుస్తున్నారు. "గుమ్మడెల్లోళ్లు రాండ్రి" అన్నారు. బాపు లేచాడు. అవతలి వైపు నుంచి తిరుమల లేచాడు, గణపతి లేచాడు. బుచ్చిరాములు తాత కూడా లేచాడు. కానీ నూలు పళ్లెం దగ్గరకు రాలేదు. మైకు దగ్గరకు వెళ్లాడు.

"పెద్దలందరికి శనార్తి" అన్నాడు. గట్టిగానే చెప్పాడు తాతా. "గీ ఇంటిపేరు నాది గాదు. ఆగయ్యన్న నాకు గోల్ల నిలవడమని ఇచ్చిండు. ఆట అయినంక వాపస్ ఇయ్యాలె. ఇయ్యలే. నాకు మంచిగనిపిచ్చింది, ఉంచుకున్న. మాది బొప్పారం కురుమోళ్ల ఇల్లు. నా పెండ్లాంకు తెల్సు, నా కొడుక్కు మొన్ననే చెప్పిన. గియ్యాల మీ అందరి ముంగట పేరు ఇచ్చేస్తున్న. నా మనుమడు గా పిల్లకు అన్న గాడు. ఇగ మీ ఇష్టం."

ఆ తర్వాత గోలగోల అయింది. వజ్రమ్మ తమ్ముడు కుర్చీ తన్ని బయటికి పోయాడు. కొంతమంది అతని వెంట పోయారు. ఒక పెద్దమనిషి "ఇన్నేండ్లు మమ్ముల మోసం జేసినవు గదా" అని మీదకు వచ్చాడు. తిరుమల తల దించుకుని నిలబడ్డాడు, గణపతి తాత పక్కకు వెళ్లి భుజం పట్టుకున్నాడు. నేను వెళ్లబోయేలోపు మన బాపమ్మ లేచింది. మోకాళ్ల నొప్పులు ఎటు పోయాయో!

"మోసం జేసింది నా మొగడు. అడుగాల్నంటె పోయి ఆయన్నే అడుగురి" అంది. "నా మొగడు వోతె గీయన గుండు గొట్టిచ్చుకున్నడు. మీల ఎవడు గొట్టిచ్చుకున్నడు? చెప్పురి జర."

మీదకు వచ్చిన పెద్దమనిషి వెనక్కి తగ్గాడు. సంఘం వాళ్లు దీని మీద మీటింగ్ పెడతారట. పెట్టుకోనీ, నేనూ వెళ్తాను. మాట్లాడటం నాకూ వచ్చు.

అందరూ బాపు వైపు చూశారు. నేనూ చూశాను. నాకు అంత భయం ఏ ఆటలోనూ వెయ్యలేదు. బాపు చేతిలో కొత్త నూలు ఉంది. దాన్ని పళ్లెంలో పెట్టేసి నెమ్మదిగా మైకు దగ్గరకు నడిచాడు. బుచ్చిరాములు తాత కళ్లలోకి చూశాడు. "వజ్రవ్వ వోయినప్పుడు మేము దీపం ముట్టిచ్చుకున్నం" అన్నాడు. ఇంకేదో అనబోయి ఏడ్చేశాడు. బాపు ఏడవడం నేను చిన్నప్పుడు తాత పోయినప్పుడు చూశాను, మళ్లీ నిన్ననే. కాసేపటికి తేరుకుని ఒక కుర్చీ లాగి ఆయన వెనక వేశాడు.

"ఎంతసేపు నిలవడుతవు? కూసో మామా" అన్నాడు.

మామా అన్నాడు తాతా! పుట్టినప్పటి నుంచీ చిన్నాయనా అని పిలిచిన నోటితో, అంతమంది ముందు, మామా అన్నాడు. మనం పిల్లనిచ్చే ఇంటి పెద్దను పిలిచే పిలుపు అది. బాపు ఒప్పుకున్నాడని నాకు ఇంకెవరూ వేరే చెప్పనక్కర్లేకపోయింది. తిరుమల వైపు తిరిగి "బావా, పెద్దమనిషికి జర నీళ్లు తే" అన్నాడు. తిరుమల పరుగెత్తాడు. గణపతి నా వైపు చూసి నవ్వుతూ కళ్లు తుడుచుకున్నాడు. నేను గెలిచాననుకున్నాను.

అప్పుడు చూశాను, కుర్చీలో బుచ్చిరాములు తాత తన పెద్ద పెద్ద అరచేతుల్లో ముఖం దాచుకుని ఉన్నాడు. భుజాలు ఊగుతున్నాయి. బాపు కంగారుపడి ఆయన ముందు కింద కూర్చున్నాడు.

"నరహరీ, ఇగ నువ్వు నన్ను గట్ల పిలువవు గదా" అన్నాడాయన. "ఆఖరుసారి ఒక్కపారి చిన్నాయనా అను బిడ్డా."

బాపు అన్నాడు. ఆయన చెవి దగ్గరకు వంగి అన్నాడు, పక్కనే ఉన్నాను గనుక నాకు వినిపించింది. తర్వాత ఆయన చేయి పట్టి లేపి, "పా మామా, బువ్వ తిందాం" అని పంక్తిలోకి తీసుకెళ్లి తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

నీ రుచిత